లెక్క అడిగే హక్కు – సర్ సాలార్‌జంగ్ జీవితం

చొప్పదండి: సహకార సంఘమైనా, మార్కెట్ కమిటీ అయినా, పురపాలక కార్యాలయమైనా, బడి అయినా ఏడాదికొకసారి లెక్కల తనిఖీ జరగడం ఈ ప్రాంత ప్రజలకు తెలిసిన విషయమే. ఆడిటరు వస్తున్నారంటే చాలు, రశీదు పుస్తకాలు, ఓచర్లు, నగదు పుస్తకం బల్ల మీదికి వస్తాయి. డబ్బు వసూలు చేసినవారు ఒకరు, దాచినవారు ఒకరు, సరిచూసేవారు మరొకరు. నేడు ఇది మామూలు విషయంగా తోస్తుంది. కాని 170 ఏళ్ల క్రితం ఈ నేల మీద ఈ పద్ధతి లేదు. వసూలు చేసినవాడే దాచుకునేవాడు, వాడు చెప్పిందే లెక్క. ఈ అవ్యవస్థను సరిదిద్ది, హైదరాబాదు రాజ్యానికి ఖజానా, జిల్లా కచేరీ, జీతం తీసుకునే అధికారి అనే మూడింటినీ ఇచ్చిన వ్యక్తి మొదటి సాలార్‌జంగ్. కాగా, రాజ్యమంతటి లెక్కను దారికి తెచ్చిన ఆ దివానుకే ఒకచోట లెక్క అడిగే హక్కు లేకుండా పోయింది. దాని ఫలితం ఆయన చివరిదాకా అనుభవించారు.

సాలార్‌జంగ్ అనగానే మూసీ ఒడ్డునున్న మ్యూజియం గుర్తుకు రావడం సహజం. ఆ వస్తువులలో అధిక భాగం సేకరించినవారు ఆయన మనుమడైన మూడవ సాలార్‌జంగ్. దివానుగా 30 ఏళ్లు రాజ్యభారం మోసిన మొదటి సాలార్‌జంగ్ అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాన్. సాలార్‌జంగ్ అన్నది బిరుదు.

దివాన్ల ఇంట పుట్టి

తురాబ్ అలీఖాన్ 1829లో జన్మించారు. హైదరాబాదులో నేటికీ నీటితో నిండే మీర్ ఆలం చెరువు ఎవరి పేరున ఉన్నదో ఆ మీర్ ఆలం ఆయనకు ముత్తాత వరుస. చిన్ననాటనే తండ్రి మరణించగా పినతండ్రి సిరాజ్‌ఉల్‌ముల్క్ పెంపకంలో పెరిగారు. పారశీకం, అరబ్బీ నేర్చుకున్నారు. ఇంగ్లీషు కూడా పట్టుబట్టి నేర్చుకున్నారు. ఆనాటి నవాబుల పిల్లలలో ఇది అరుదైన సంగతి.

19 ఏళ్ల వయసులో, 1848లో, ఆయనను ఖమ్మం ప్రాంతానికి తాలూక్‌దారుగా పంపారు. అంతకు ముందు అక్కడ డైటన్ అనే ఇంగ్లీషు అధికారి పనిచేసి, శిస్తు వసూలుకు, కాగితాలకు ఒక క్రమం ఏర్పరచి వెళ్లారు. యువకుడైన తురాబ్ అలీఖాన్ అక్కడ ఉన్నది కొద్ది నెలలే అయినా, రైతు చేతిలోంచి బయలుదేరిన రూపాయి సర్కారుకు చేరే దారిని దగ్గర నుంచి చూశారు. ఆ తరువాత కుటుంబపు జాగీరుల వ్యవహారం ఆయన చేతికి వచ్చింది. ఈ రెండు అనుభవాలూ మున్ముందు ఆయనకు ఎంతగానో ఉపకరించాయి.

ఖాళీ ఖజానా కూడా లేని రాజ్యం

అప్పటి రాజ్యం పరిస్థితి చెప్పుకోదగినంత దారుణంగా ఉండేది. ఖజానా ఖాళీ అనడానికి కూడా వీలు లేదు. ఎందుకంటే సర్కారుకంటూ సరైన ఖజానాయే లేదు. నగరంలోని సాహుకార్లు అప్పు ఇచ్చేవారు, ఆ అప్పు తీరేవరకు తాలూకాలను తాకట్టు పట్టేవారు. అరబ్బు జమాదార్లు తమ సైనికుల జీతం బాకీ కింద మరికొన్ని తాలూకాలను పట్టుకుని కూర్చునేవారు. పేష్కారు చందూలాల్ 1843లో పదవి వదిలే నాటికే ఈ అప్పుల ఊబి బాగా లోతయింది. అంతకు ముందు పామర్ కంపెనీ అనే వ్యాపార సంస్థ అధిక వడ్డీకి నిజాం సర్కారుకు అప్పులిచ్చి, ఆ వ్యవహారం గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ప్రతిష్ఠకే మచ్చ తెచ్చిన విషయం చరిత్ర చదివినవారికి విదితమే.

శిస్తు వసూలు గుత్తకు ఇచ్చేవారు. ఎక్కువ నజరానా కట్టినవాడికి తాలూకా దక్కేది. ఇంకొకడు అంతకంటే ఎక్కువ కడితే మొదటివాడిని తీసివేసేవారు. అందువల్ల గుత్తదారు ఉన్నన్నాళ్లూ రైతును పిండుకోవడమే పనిగా పెట్టుకునేవాడు. రైతు ఎంత ఇచ్చాడో సర్కారుకు తెలియదు. సర్కారుకు ఎంత చేరిందో రైతుకు తెలియదు. మధ్యన ఉన్నవాడికే రెండూ తెలుసు.

లెక్కల దస్త్రాలు లేకపోలేదు. దఫ్తరె దివానీ, దఫ్తరె మాల్ అని రెండు పెద్ద దఫ్తర్లు ఉండేవి. అవి వంశపారంపర్యంగా కొన్ని కుటుంబాల చేతుల్లో ఉండేవి. కాగితం వారిది, కలం వారిది, ఆ కాగితం చదవగలవారూ వారే. రాజ్యానికి ఎంత ఆదాయం వస్తుందో తెలుసుకోవాలంటే దివాను సైతం వారిని అడిగి తెలుసుకోవలసిందే. ఆ దఫ్తర్ల కాగితాలు తరువాతి కాలంలో హైదరాబాదులోని రాష్ట్ర పురాభిలేఖాగారానికి చేరి పరిశోధకులకు అందుబాటులోకి రావడం గమనార్హం.

24 ఏళ్లకే దివానుగిరీ

కంటింజెంట్ అనే పేరుతో ఇంగ్లీషు అధికారుల కింద ఒక సైన్యం నిజాం ఖర్చుతో నడిచేది. దాని జీతాలు ఎప్పటికప్పుడు చెల్లించలేక సర్కారు కంపెనీ వారికి బాకీ పడింది. ఆ బాకీ పేరు మీద 1853 మే 21న ఒడంబడిక కుదిరింది. బేరారు, రాయచూరు దోఆబు, ధారాశివ ప్రాంతాలు ఇంగ్లీషు వారి పాలనలోకి వెళ్లాయి. ఆ ఒడంబడిక కుదిర్చిన దివాను సిరాజ్‌ఉల్‌ముల్క్ కొద్ది రోజులకే కన్నుమూశారు. ఆ నెలాఖరుకే 24 ఏళ్ల తురాబ్ అలీఖాన్‌ను నిజాం నాసిరుద్దౌలా దివానుగా నియమించారు. అప్పుల పుస్తకం, తాకట్టు పెట్టిన తాలూకాలు, జీతాలు అందని సైనికులు, ఇదే ఆయనకు సంక్రమించిన ఆస్తి.

తనిఖీ చేసేవారు ముందుగా చూసేది బాకీల జాబితా. అప్పు నిజమా కాదా, పత్రం ఉన్నదా, ఎంత చెల్లింది, వడ్డీ ఎంత అని వరుసగా చూస్తారు. కొత్త దివాను చేసిన మొదటి పని కూడా దాదాపు ఇదే. సాహుకార్లు, జమాదార్లు చెప్పుకునే బాకీలను పరిశీలింపజేసి, తేలిన బాకీకి దారి చూపి, వారి చేతుల్లోని తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించి సర్కారు పరం చేశారు. కత్తి పట్టిన జమాదార్లతో కాగితం పట్టుకుని మాట్లాడటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

1855లో సర్కారు సొంత ఖజానాను నెలకొల్పారు. అప్పటివరకు సాహుకార్ల ఇళ్లలో తిరిగిన సర్కారు సొమ్ము ఇక సర్కారు పెట్టెలోకి రావడం మొదలైంది. తత్ఫలితంగా రాజ్యం ఆర్థిక వ్యవహారాల మీద సాహుకార్లకున్న పట్టు సడలింది.

డబ్బు ఒకచోట చేరితేనే లెక్క చూడటానికి వీలుంటుంది. చేరిన ప్రతి రూపాయికి జమ రాయాలి. పోయిన ప్రతి రూపాయికి ఎవరు, ఎందుకు, ఎవరి ఉత్తరువుతో అన్న కాగితం ఉండాలి. సాయంత్రం పుస్తకంలోని నిల్వ, పెట్టెలోని నిల్వ సరిపోవాలి. ఊరి షావుకారు చిట్టా, ఆవర్జా రాసుకునే పద్ధతిలో ఉన్న సూత్రమూ ఇదే. రోజువారీ చిట్టా నుంచి పేరుపేరున ఆవర్జాలోకి ఎక్కించినప్పుడు తేడా వస్తే, ఎక్కడో తప్పున్నట్టే.

జీతగాడైన అధికారి

గుత్త పద్ధతిని సాలార్‌జంగ్ క్రమంగా తొలగించారు. గుత్తదారు స్థానంలో జీతం తీసుకునే తాలూక్‌దార్లను నియమించారు. వసూలు పెరిగినా తగ్గినా అధికారి జీతం మారదు. కనుక రైతు వద్ద ఎక్కువ పిండి తాను దాచుకునే అవసరం, కనీసం నియమం ప్రకారం, లేకుండా పోయింది. అధికారి తప్పు చేస్తే తీసివేయవచ్చు, లెక్క అడగవచ్చు. నజరానా కట్టి తాలూకా కొన్నవాడిని లెక్క అడిగే ముఖం సర్కారుకు లేదు.

నాణేల సంగతి కూడా చెప్పుకోవాలి. అప్పట్లో నారాయణపేట, గద్వాల వంటి చోట్ల కూడా రూపాయలు ముద్రించేవారు. ఒక్కొక్క రూపాయికి ఒక్కొక్క బరువు, ఒక్కొక్క మారకం. రైతు ఒక రకం రూపాయి కడితే పై అధికారికి మరో రకం లెక్కన చేరేది. ఆ తేడా మధ్యవర్తి సంచిలో పడేది. 1857 తరువాత నిజాం పేరున హాలీ సిక్కా వెలువడింది. ముద్రణ క్రమంగా రాజధానికే పరిమితమైంది. కొలిచే గజం ఒకటే అయితే గాని కొలత సరిగా రాదన్నట్టు, రూపాయి ఒకటైన తరువాతే లెక్కలు పోల్చి చూడటం సాధ్యమైంది.

ఎలగందల జిల్లా ఏర్పాటు

1864లో మాల్‌గుజారీ మజ్లిస్ అనే శిస్తు మండలి ఏర్పడింది. 1865లో జిలాబందీ జరిగింది. దివానీ ప్రాంతమంతా జిల్లాలుగా, తాలూకాలుగా విభజింపబడింది. మొదటి, రెండవ, మూడవ తాలూక్‌దార్లు, వారి కింద తహసీల్దార్లు వచ్చారు. ఈ ప్రాంతం ఎలగందల జిల్లా కిందికి వచ్చింది. మానేరు ఒడ్డున గుట్ట మీద కోట ఉన్న ఎలగందల పేరు మీదనే జిల్లా చాలా కాలం నడిచింది. 1905 నాటి పునర్వ్యవస్థీకరణలో కరీంనగర్ జిల్లాగా మారింది. అప్పుడే లక్షెట్టిపేట, చెన్నూరు తాలూకాలు ఇక్కడి నుంచి విడిపోయి ఆదిలాబాదు వైపు కలిశాయి.

గ్రామంలో మాలీపటేలు శిస్తు వసూలు చేసేవాడు. పట్వారీ లెక్క రాసేవాడు. వసూలు చేసే చెయ్యి, రాసే చెయ్యి వేరుగా ఉండాలన్న సూత్రం ఇందులోనే ఉంది. ఏడాదికొకసారి జమాబందీ జరిగేది. పై అధికారి వచ్చి గ్రామ లెక్కలు తెప్పించుకుని, ఏ భూమికి ఎంత శిస్తు, ఎంత వసూలు, ఎంత బాకీ అని తేల్చేవాడు. ఊరివారు దీనిని ఆడిటు అని పిలవకపోయినా, జరిగింది మాత్రం అదే.

అయితే వసూలు చేసేవాడు, రాసేవాడు కలిసిపోతే ఈ కట్టడి నిలవదు. పటేలు, పట్వారీ ఒక్కటైన ఊళ్లలో చదువురాని రైతు ఏం కట్టాడో, పుస్తకంలో ఏం పడిందో అడిగేవారు లేరు. కాగితం మీద పద్ధతి ఎంత చక్కగా ఉన్నా, అడిగేవాడు లేనిచోట అది అలంకారమే. ఈ వ్యవస్థ దీర్ఘకాలం సాగి, చివరికి 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో రద్దయింది.

నగరం దాటని దివాను

సాలార్‌జంగ్ జీవితంలో ఒక విశేషం పేర్కొనదగినది. 1857లో గద్దెనెక్కిన నిజాం అఫ్జల్‌ఉద్దౌలా తన దివానును పూర్తిగా నమ్మలేదు. అనుమతి లేనిదే దివాను నగరం దాటి వెళ్లడానికి వీలు లేకుండేది. కంటోన్మెంటులో సైనిక కవాతు చూడాలన్నా అడిగి వెళ్లవలసిందే. రాజ్యాన్ని నడిపే మనిషికి రాజ్యాన్ని తిరిగి చూసే అవకాశం లేదు. ఎలగందలలో ఏం జరుగుతున్నదో, బీదరులో ఏం జరుగుతున్నదో ఆయనకు తెలిసేది కాగితాల ద్వారానే. అందుకే ఆ కాగితం నిజం చెప్పేదిగా ఉండటం ఆయనకు ప్రాణావసరమైంది.

1857 తిరుగుబాటులో ఆయన ఇంగ్లీషు వారి పక్షాన నిలిచారు. ఆ ఏడాది జూలై 17న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీ మీద దాడి జరిగింది. ఆ దాడిని అణచడంలో దివాను ఇంగ్లీషు వారికి తోడ్పడ్డారు. ఈ కారణంగా ఆయనను తప్పుపట్టేవారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. 1859లో దర్బారు నుంచి రెసిడెంటు డేవిడ్‌సన్‌తో కలిసి వస్తుండగా ఆయన మీద హత్యాయత్నం జరిగింది. 1868లో రంజాను పండుగ దర్బారుకు వెళుతుండగా మళ్లీ తుపాకీ పేలింది. రెండుసార్లూ ప్రాణాలతో బయటపడ్డారు. గుత్తలు, తాకట్లు, నజరానాలు పోగొట్టుకున్నవారిలో ఆయనంటే గిట్టనివారు తక్కువేమీ కాదు. ఆయనను పదవి నుంచి తప్పించే ప్రయత్నాలూ జరిగాయి.

అప్పు పోయింది – లెక్క కూడా పోయింది

ఇదిలా ఉండగా 1860లో ఇంగ్లీషు వారితో కొత్త ఒడంబడిక కుదిరింది. 1857లో చేసిన సాయానికి ప్రతిఫలంగా నిజాం బాకీ 50 లక్షల రూపాయలు మాఫీ అయింది. రాయచూరు దోఆబు, ధారాశివ తిరిగి వచ్చాయి. తిరుగుబాటు చేసిన సురపురం రాజ్యం కూడా నిజాంకు దక్కింది. పైకి చూస్తే ఇది పెద్ద లాభమే. దివాను ప్రతిష్ఠ పెరిగింది.

అందులోనే మరొక షరతు ఉంది. 1853 నాటి ఒడంబడిక ప్రకారం బేరారు జమాఖర్చుల లెక్కను రెసిడెంటు ఏటా నిజాంకు చూపాలి, ఖర్చులు పోను మిగిలింది ఇవ్వాలి. 1860 ఒడంబడికలో మిగులు ఇస్తామన్న మాట ఉంచి, లెక్క చూపే బాధ్యతను మాత్రం తీసివేశారు. గతం, వర్తమానం, భవిష్యత్తు, ఏ కాలపు లెక్కనూ నిజాం అడగరాదన్నది ఆ షరతు సారాంశం.

అంటే బేరారు నిజాందే, పాలన ఇంగ్లీషు వారిది, ఖర్చు ఎంత పెట్టాలో నిర్ణయించేది వారే, ఖర్చు రాసేది వారే, మిగులు ఎంతో చెప్పేదీ వారే. భూమి పాలుకిచ్చిన ఆసామికి కల్లం దగ్గరికి రావద్దని చెప్పి, ఇంటికి పంపినంతే గింజ అన్నట్టయింది.

సరిగ్గా ఆ తరువాతనే అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. 1861 నుంచి 1865 వరకు అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు సరిగా అందలేదు. నల్లరేగడి నేలల బేరారులో పత్తికి గిరాకీ పెరిగింది. ఆదాయం పెరిగింది. దానితోపాటు పాలన ఖర్చూ పెరుగుతూ వచ్చింది. ఖర్చు అవసరమా, దుబారానా అని అడిగే హక్కు హైదరాబాదుకు లేదు. మిగులు అన్నది లెక్క మీద ఆధారపడిన మాట. లెక్క చూపనిచోట మిగులు అన్న మాటకు విలువ లేదు.

సాలార్‌జంగ్ ఈ విషయాన్ని వదలలేదు. 1869లో అఫ్జల్‌ఉద్దౌలా మరణించగా, మూడేళ్లు కూడా నిండని మహబూబ్ అలీఖాన్ గద్దెనెక్కారు. రాజప్రతినిధులుగా అమీరె కబీరు, సాలార్‌జంగ్ వ్యవహరించారు. చేతికి స్వేచ్ఛ వచ్చిన తరువాత ఆయన బేరారు కోసం వరుసగా వినతులు పంపారు. కంటింజెంట్ జీతాలకు పూచీగా పెద్ద మొత్తం నగదు డిపాజిట్ చేస్తాం, బేరారు తిరిగి ఇవ్వండి అన్నది 1872 నాటి వినతి సారాంశం. అప్పు కట్టలేకపోయిన రాజ్యమే 20 ఏళ్లలో నగదు డిపాజిట్ చేస్తామనగల స్థితికి రావడం ఆయన పాలనకు పెద్ద సాక్ష్యం. అయినా ఆ వినతిని ఇంగ్లీషు ప్రభుత్వం తోసిపుచ్చింది.

లండన్ ప్రయాణం

1876లో ఆయన ఇంగ్లండు వెళ్లారు. దారిలో పారిస్ హోటలులో జారిపడి కాలు విరిగింది. అయినా ప్రయాణం మానలేదు. లండన్‌లో ఘనంగా స్వాగతం పలికారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టా ఇచ్చింది. ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహాన్ని ఆయన ఈ ప్రయాణంలోనే కొని తెచ్చారు. మ్యూజియంలో నేటికీ జనం ఆగి చూసే బొమ్మ అది. సన్మానాలన్నీ దక్కాయి గాని బేరారు దక్కలేదు. 1878లో లండన్ నుంచి తుది జవాబుగా నిరాకరణే వచ్చింది.

ఆయన వెళ్లిన ఆ దేశంలో అప్పటికే లెక్కల తనిఖీ ఒక వృత్తిగా వేళ్లూనుకుంటున్నది. ఆయన దివాను అయిన మరుసటి ఏడాది, అనగా 1854లో, స్కాట్లండులోని ఎడింబరోలో అకౌంటెంట్ల సంఘానికి రాణిగారి చార్టరు లభించింది. చార్టర్డ్ అకౌంటెంట్ అన్న పేరుకు మూలం అదే. ఇంగ్లండులో అటువంటి సంస్థకు 1880లో చార్టరు వచ్చింది. ఇంగ్లీషు ఇండియాలో 1860లోనే ఆడిటర్ జనరల్ పదవి ఏర్పడింది. తమ సొంత పైసకు ఇంత పకడ్బందీ లెక్క రాయించుకున్నవారు బేరారు లెక్కను మాత్రం సొంతదారుకు చూపకపోవడం ఆనాటి రాజనీతి.

ఆడిటరు ఏం చూస్తారు?

ఈ వృత్తి గురించి కొంత చెప్పుకోవడం అవసరం. లెక్క రాయడం ఆడిటరు పని కాదు. రాసిన లెక్క నిజమైన స్థితిని చూపుతున్నదా లేదా అని తన అభిప్రాయం చెప్పడమే ఆయన పని. అందుకే రాసినవారికి ఆయన బంధువు, భాగస్వామి, ఉద్యోగి కాకూడదు. నిరుటి ముగింపు నిల్వ ఈ ఏటి మొదటి నిల్వగా వచ్చిందా అని ముందు చూస్తారు. ఖర్చుకు ఓచరు, వసూలుకు రశీదు నకలు చూస్తారు. రశీదు పుస్తకాలు వరుస నంబర్ల ప్రకారం ఉన్నాయా అని చూస్తారు. పుస్తకం ఒకటి తగ్గితే దాని మీద వసూలైన సొమ్ము కనబడనట్టే. పెట్టెలోని నగదు లెక్కిస్తారు. గిడ్డంగిలో ఎరువు బస్తాలు పుస్తకంలో ఉన్నన్ని ఉన్నాయా చూస్తారు. బాకీదారులను నేరుగా అడిగి బాకీ నిజమేనా అని రూఢి చేసుకుంటారు.

అన్ని కాగితాలూ చూడటం సాధ్యం కాదు. కొన్నింటిని ఏరి చూస్తారు. బియ్యం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టే ఇదీ. తేడా కనిపిస్తే లోతుకు వెళతారు. ఆడిటరు కాపలా కుక్క వంటివాడే గాని వేటకుక్క కాదని 1896లో ఇంగ్లండులో ఒక మిల్లు కేసు తీర్పులో న్యాయమూర్తి పోల్చిన సంగతి ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు. అయితే అనుమానం రావలసినచోట రాకపోతే అది ఆయన తప్పే.

సాధించింది, సాధించనిది

పాలనకు తగిన మనుషుల కోసం సాలార్‌జంగ్ ఉత్తరాది నుంచి కూడా సమర్థులను రప్పించారు. వారిలో 1874లో వచ్చిన సయ్యద్ మెహదీ అలీ ముఖ్యులు. మొహ్సినుల్‌ముల్క్‌గా ఆయన ప్రసిద్ధులయ్యారు. భూమి కొలత, బందోబస్తు పనులు సాగాయి. కొలవని భూమికి వేసిన శిస్తు ఊహే అవుతుంది గాని లెక్క కాదు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు మార్గం పడింది.

అయితే ఆయన సంస్కరణలు రాజ్యమంతటా చేరలేదు. సర్ఫెఖాస్, పాయగాలు, జాగీరులు, సంస్థానాలు కలిపి రాజ్యంలో మూడో వంతుకు పైగా దివానీ లెక్కల వెలుపలే ఉండిపోయాయి. అక్కడ జాగీర్దారు చెప్పిందే చట్టం, రాసిందే లెక్క. గుత్తలు పోయినందుకు పరిహారంగా దేశ్‌ముఖ్, దేశ్‌పాండేలకు రుసుములు ఇచ్చారు. గ్రామ కాగితాల మీద పట్టు ఉన్నవారు తరువాతి కాలంలో వందల, వేల ఎకరాల పట్టాలు తమ పేర రాయించుకున్నారు. 1946 నుంచి 1951 వరకు తెలంగాణలో జరిగిన రైతాంగ పోరాటానికి మూలాలు ఈ కాగితాలలో కూడా ఉన్నాయి. పైస్థాయి లెక్క సరిపోయినా, కిందిస్థాయి లెక్కను చూసే కన్ను లేకపోవడం ఈ లోపానికి ముఖ్య కారణం.

అకస్మాత్తు మరణం – తరువాత

1883 ఫిబ్రవరి 8న సాలార్‌జంగ్ కలరా సోకి అకస్మాత్తుగా మరణించారు. అప్పటికి ఆయన వయసు 54. రాజ్యాన్ని చూడవచ్చిన ఒక జర్మను రాజబంధువుకు మీర్ ఆలం చెరువు మీద విందు ఇచ్చిన వెనువెంటనే ఈ దుర్ఘటన జరిగింది. నగరంలోని దాయెరా మీర్ మోమిన్‌లో ఆయనను ఖననం చేశారు.

ఆయన పోయిన కొద్ది ఏళ్లకే తనిఖీ సడలితే ఏమవుతుందో రాజ్యం చూసింది. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీకి గనుల హక్కులు ఇచ్చారు. సింగరేణి బొగ్గు కూడా ఇందులోదే. నేడు గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుబావుల మీద బతికే కుటుంబాలన్నింటికీ ఈ పేరు చిరపరిచితం. ఆ కంపెనీ వాటాలలో అధిక భాగం నిజంగా సొమ్ము కట్టకుండానే హక్కుదార్ల పేర చేరాయి. అటువంటి వాటాలనే హెచ్చు ధరకు నిజాం సర్కారు చేత కొనిపించారు. ఈ బేరంలో సర్కారు ఉన్నతాధికారి అబ్దుల్ హక్ పాత్ర బయటపడింది. 1888లో లండన్ పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. సర్కారు పక్షాన బేరమాడవలసిన మనిషే అవతలి పక్షంలోనూ లాభం పొందితే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

బేరారు కథ 1902లో ముగిసింది. ఏటా 25 లక్షల రూపాయల కౌలుకు శాశ్వతంగా ఇంగ్లీషు వారికి ఇస్తూ ఆరవ నిజాం ఒప్పుకున్నారు. లెక్క అడిగే హక్కు వదులుకున్న 42 ఏళ్లకు భూమి మీద హక్కు కూడా పేరుకే మిగిలింది.

సదర్ మహాసబీ పేరుతో నిజాం సర్కారులో సాగిన గణాంక శాఖ 1948 తరువాత భారత ప్రభుత్వ లెక్కల వ్యవస్థలో లీనమైంది. 1949లో చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం వచ్చింది. రాజ్యాంగం 148వ అధికరణం ప్రకారం కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పదవి ఏర్పడింది. ప్రభుత్వం ఇష్టం వచ్చినట్టు ఆయనను తీసివేయడానికి వీలు లేదు. లెక్క చూసేవాడు భయపడకుండా ఉండాలన్నదే ఈ ఏర్పాటు ఉద్దేశం.

2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం మరొక మెట్టు ముందుకు వేసింది. ఆ పనుల లెక్కను గ్రామసభ తనిఖీ చేయాలని దాని 17వ సెక్షను నిర్దేశించింది. 2006 నుంచి ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలై దేశానికి మార్గదర్శకమయ్యాయి. హాజరు పట్టీలో పేరు ఉన్న కూలీని పిలిచి, నీవు ఎన్ని రోజులు పనిచేశావు, చేతికి ఎంత వచ్చింది అని నలుగురి ముందు అడుగుతారు. 2005లోనే వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రకారం ఎవరైనా దరఖాస్తు పెట్టి ఓచర్ల నకళ్లు తీసుకోవచ్చు. దివాను సాలార్‌జంగ్ బేరారు విషయంలో పొందలేకపోయిన హక్కు ఇదే. నేడు అది కూలీ చేతిలో, రైతు చేతిలో ఉంది. గ్రామసభకు పోయి లెక్క చదివించుకోవడం, కట్టిన ప్రతి పైసకు రశీదు తీసుకోవడం మాత్రం ఎవరికి వారు చేయవలసిన పని.